మూత తెరవగానే

ఆ ఉదయం ప్రూఫురీడరు గారు పెట్టుకున్న పనులు మూడే. స్నానం, ప్రార్థన, తొమ్మిదింటికి లాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు. బడి పుస్తకాలు అచ్చువేసే ఆ కంపెనీలో ఇకపై ఎవరు ఇంటి నుంచి పనిచేసుకోవచ్చో, ఎవరు రోజూ రెండు బస్సులు మారి రావాలో ఆ మీటింగులోనే తేలుతుంది. "మీ మొహం కనబడదు, మాట తెగిపోతుంది. ఇలాగైతే ఆఫీసుకే వచ్చేయండి" అని మేనేజరమ్మ గట్టిగా చెప్పాకే ఆయన కొత్త లాప్‌టాప్ కొన్నారు.

పాతదానికి ఎనిమిదేళ్లు. 'ల' మీట ఊడిపోయింది. కెమెరా ఎప్పుడో కన్నుమూసింది. కానీ దాంట్లో ఒక సుగుణం ఉండేది. మీట నొక్కాక తెరుచుకోవడానికి కచ్చితంగా పావుగంట పట్టేది. ఆయన దాని ముందే కుర్చీలో కూర్చుని, చేతులు జోడించి ప్రార్థన చేసుకునేవారు. ఆయన కళ్లు తెరిచేసరికి అదీ తెరుచుకునేది.

కొత్తదాన్ని బావమరిది సిద్ధం చేసి పెట్టాడు.

"మూత తెరిస్తే చాలు బావా. మీటింగులోకి అదే వెళ్లిపోతుంది. కెమెరా, మైకు వాటంతటవే. మూత మూసినా ఆగదు!"

"ఆగకపోతే ఎలారా?"

"అదే కదా దాని గొప్ప!"

తొమ్మిదికి పావుగంట ముందు ఆయన బనియనుతోనే కూర్చుని, మూత తెరిచి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నారు. లాప్‌టాప్ రెప్పపాటులో లేచింది. ఆఫీసువాళ్లంతా ఆత్రంకొద్దీ అప్పటికే మీటింగులో చేరిపోయి ఉన్నారు. ఆఫీసులో అందరూ మాస్టారని పిలిచే ఆయన తెర మీద చేతులు జోడించి ప్రత్యక్షం కాగానే మేనేజరమ్మ పెదవుల మీద వేలు పెట్టి అందరినీ నిశ్శబ్దంగా ఉండమంది. ప్రార్థనలో ఉన్న మనిషిని పిలవకూడదు కదా.

దేవుణ్ని ముందు తన కోసం అడగడం మర్యాద కాదని ఆయన నియమం. అందుకని ఆఫీసుతోనే మొదలుపెట్టారు.

"తండ్రీ, బొమ్మలు గీసే అమ్మాయికి చంటిబిడ్డ. ఆ అమ్మాయిని ఇంటిపట్టునే ఉండనీ. లెక్కల పుస్తకాలాయనకి మోకాళ్లు సహకరించవు. ఆయన్నీ ఉండనీ..."

ఇలా పద్దెనిమిది మందికీ విడివిడిగా అడిగారు. పద్దెనిమిది మందీ విన్నారు.

"మా మేనేజరమ్మకి కాస్త శాంతం ఇవ్వు తండ్రీ. మనిషి మంచిదే, ఆ నోరే... సరే, నీకు తెలియంది ఏముంది."

ఇక తన వంతు. ఆయన గుండెనిండా ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా అప్పుడే భార్య గదిలోకి వచ్చింది.

"ఇంకా కాలేదా? పాతదే నయం, మీ చిట్టా అంతా అయ్యేదాకా ఓపిగ్గా ఉండేది. ఇదేమో..." అంటూ తెర వైపు చూసి కెవ్వుమంది. "ఏమండీ! ఇంతమంది మిమ్మల్నే చూస్తున్నారు!"

ఆయన కళ్లు తెరిచి, బనియను చూసుకుని, మూత ఠపీమని మూసేశారు.

"కొంప మునిగిందే! నోరన్న మాట ఆవిడ వినేసింది! ఇక రోజూ రెండు బస్సులే నాకు!"

"నామీద అరుస్తారేం? అన్నది మీరు."

"ఉన్నమాటే కదా అన్నాను!"

"మాస్టారూ," అంది మూసిన లాప్‌టాప్, అచ్చం మేనేజరమ్మ గొంతుతో. "ముందు మూత తెరవండి."

ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని తెరిచారు. మేనేజరమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"ఇన్నేళ్లలో నాకోసం ఎవరూ ఏదీ అడగలేదండీ. మీరు అడిగినట్టే కానిద్దాం. అందరూ ఇంటి నుంచే పనిచేసుకోండి."

చప్పట్లు మోగాయి. ప్రూఫురీడరు గారి ప్రాణం లేచి వచ్చింది.

"మీరు తప్ప," అందామె. "నాకు శాంతం రావాలంటే మీలాంటి పెద్దమనిషి రోజూ నా ఎదురుగా కూర్చోవాలి. పైగా మీకోసం మీరు ఏమీ అడగనేలేదు!"

"అడగబోయానండీ, ఈలోగా మా ఆవిడ..."

"ఆవిడ కోసమా! ఎంత మనసండీ మీది! రేపు తొమ్మిదికల్లా వచ్చేయండి."

తెర చీకటైంది. దేవుడు వినలేదని అనడానికి లేదు. పద్దెనిమిది మందికీ, మేనేజరమ్మకీ అడిగినవన్నీ పొల్లుపోకుండా తీరాయి. ఇంకొక్క నిమిషం దొరికి ఉంటే తన కోసం అడగాల్సిన ఇరవయ్యోదీ తీరి ఉండేది.