గోడకెక్కిన జబ్బు

1997లో ఒక పొద్దున కృష్ణప్ప టమోటా తోటకు నీళ్లు కట్టడానికి పార భుజాన వేసుకుని గడప దాటాడు. పుంగనూరు నుంచి సోమల వెళ్లే బస్సురోడ్డు మీదే అతని ఇల్లు. రోడ్డుకు అవతల నారాయణస్వామి ఇంటి గోడకు ఎవరో పసుపు రంగు పూసి, ఎర్రగా టీపొడి కంపెనీ పేరు రాస్తున్నారు. నిచ్చెన పక్కనే నారాయణస్వామి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రంగుకు శానా అయ్యుంటాదే?" అన్నాడు కృష్ణప్ప, అయ్యుండాలని కోరుకుంటూ.

"మనదేమీ లేదప్పా. కంపెనీవోళ్లే వచ్చి, ఊర్లో యోగ్యమైన గోడ ఇదొకటే అన్న్యారు."

కృష్ణప్ప తన బోసి గోడ వైపు ఓసారి చూసుకున్నాడు. అప్పుడే వెళ్తున్న బస్సులో జనమంతా ఆ గోడ వైపు తలలు తిప్పడం కళ్లారా చూశాడు. పార వాకిట్లో పడేసి మదనపల్లె దారి పట్టాడు.

అక్కడ గోడల మీద ప్రకటనలు రాసే వెంకటేశులును పట్టుకుని, "మా గోడ ఎదురింటోళ్ల దానికంటే పెద్దది. ఏదో ఒక కంపెనీ సూడప్పా" అని బతిమాలాడు.

"మందులోళ్లు అడగతాండారు. రాసేదా?"

మందులంటే పురుగుమందులే అనుకున్నాడు కృష్ణప్ప. "రాయి. అక్షరాలు మాత్రం మనిషెత్తు ఉండాల" అని చెప్పి, మర్నాడు భార్య ఈశ్వరమ్మతో కుప్పంలో పెళ్లికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి గోడ ఎర్రగా మెరుస్తోంది: "మూలశంకకు ఆపరేషన్ లేని వైద్యం. సంప్రదించండి." అక్షరాలు మరీ పెద్దవైపోయి, పుంగనూరు డాక్టరు అడ్రసుకు చోటు చాలలేదు.

"ఇంగ మన ఇంటికి సుట్టాలు యాడొస్తారయ్యా!" అని ఈశ్వరమ్మ తల పట్టుకుంది.

చుట్టాలు రాలేదు గానీ, పక్కింటి బయ్యమ్మ చెంబెడు మజ్జిగతో వచ్చింది. "ఇన్నాళ్లూ యాల దాసిపెట్టుకున్యావు నాయనా? తాగు, సలవ సేస్తాది" అంది. ఆమె వెనకే సదుం నుంచి ఒక పెద్దాయన బస్సు దిగాడు.

"డాక్టరయ్యా, ఉండారా?"

"నేను డాక్టరు కాదప్పా. కూర్చో, చెప్తా."

"కూర్చోలేకనే కదప్పా ఇంత దూరం వచ్చిండేది!"

ఆ సాయంత్రమే కృష్ణప్ప గోడకు సున్నం కొట్టాడు. తెల్లారేసరికి అక్షరాలు గులాబి రంగులో మరింత అందంగా పైకి తేలాయి. వారం తిరక్కుండా కండక్టరు "మూలశంక స్టాపు దిగండి" అని అరవడం మొదలుపెట్టాడు. వాకిలి నిండా జనం. అందరూ నిలబడే ఉండేవారు.

ఓర్చుకోలేక కృష్ణప్ప వెంకటేశులు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"చెరిపేస్తాలేప్పా. మీ ఎదురింటాయన నా ఎనకే తిరగతాండాడు. టీపొడి గోడ కాడ ఒక్కరన్నా బస్సు దిగడం ల్యాదని ఏడస్తాండాడు" అన్నాడు వెంకటేశులు. ఆ మర్నాడే జబ్బు రోడ్డు దాటింది.

మొదటి బస్సు వచ్చింది. దిగినవాళ్లంతా కృష్ణప్ప వైపు చూడనైనా చూడకుండా ఎదురింటికి నడిచారు. నారాయణస్వామి వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ పేరడిగి పలకరిస్తున్నాడు.

"పీడ పోయింది. లోపలికి రా" అంది ఈశ్వరమ్మ.

కృష్ణప్ప కదల్లేదు. ఆనాటి నుంచి బస్సు దిగి దారి అడిగిన వాళ్లెవరినీ, "ఈ జబ్బు ముందొచ్చింది మా ఇంటికే" అని చెప్పకుండా అతను రోడ్డు దాటనివ్వలేదు.