మా ఇంటి మూడు డబ్బాలు

నెట్ పోని ఇళ్లంటే నాకు భలే జాలి. పాపం, తమ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో కూడా వాళ్లకి తెలీదు!

మాకా ఇబ్బంది లేదు. నెట్ పోయిందంటే చాలు, ఎక్కడెక్కడి వాళ్లూ గదుల్లోంచి బయటికొచ్చి నా మీద పడతారు. మాది మెష్ వైఫై మరి! ఒక డబ్బా చేయాల్సిన పనిని మూడు డబ్బాలు పంచుకుంటాయన్నమాట. పెద్దది హాల్లో, రెండోది మేడ మీద, మూడోది వంటింట్లో మిక్సీ పక్కన. మూలమూలకీ సిగ్నల్ రావాలని పెట్టించాం. ఇప్పుడు పోయినా మూలమూలనా సమానంగా పోతుంది.

పైగా ఒంటికి మంచిది. డాక్టరు నడవమని మొత్తుకున్నా నడవనివాణ్ణి, ప్లగ్గులు పీకుతూ పెడుతూ మేడెక్కి దిగుతున్నాను. ఒకసారి పొరపాటున ఫ్రిజ్ ప్లగ్గు పీకి పాలు విరగ్గొట్టాననుకోండి, అది వేరే సంగతి. వీటికో యాప్ కూడా ఉంది. నెట్ ఎందుకు పోయిందో చెబుతుందట. చెప్పాలంటే దానికి నెట్ కావాలి!

మొన్న మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. ఏడాదిగా ఎదురుచూసిన పిలుపు. ఇస్త్రీ బట్టలేసుకుని మేడ మీద డబ్బా పక్కనే కుర్చీ వేసుకుంది. ఇంకాసేపట్లో పిలుస్తారనగా మూడు డబ్బాల్లోనూ ఎర్ర లైటు వెలిగింది.

ఫోన్లో డేటా లేదా అంటారేమో. ఉంది. అదీ మాకు నెట్ ఇచ్చే కంపెనీదే. రెండూ కలిపి తీసుకుంటే తగ్గింపన్నారు. అందుకే పోయేటప్పుడు కూడా రెండూ కలిసే పోతాయి, వచ్చేటప్పుడు మాత్రం దేని దారి దానిదే.

మామూలు కాల్స్ మాత్రం వెళ్తాయి కనక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ పిల్లకి ఎంత ఓర్పండీ!

"ఒకసారి ఆపి ఆన్ చేయండి సర్."

"చేశానమ్మా."

"ఇంకోసారి చేయండి సర్... రాలేదా? వెనకాల చిన్న కన్నం ఉంటుంది, పిన్నుతో నొక్కి పట్టుకోండి."

"లైను బయటే పోయిందేమో, వీటినెందుకండీ గుచ్చడం?" అంటూనే మా ఆవిడ పిన్నీసు ఇచ్చింది. నేను వింటానా? మూడింటినీ వరసగా గుచ్చాను.

అంతలో నెట్ వచ్చేసింది. అంటే, ఎదురింటికి వచ్చింది. మా డబ్బాలు మాత్రం పేరూ పాస్‌వర్డూ సర్వం మరిచిపోయి, కొత్తగా కొన్నవాటిలా మిలమిలలాడుతూ కూర్చున్నాయి. అమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఎదురింటికి పరిగెత్తింది. వాళ్ల వాషింగ్ మెషిన్ మీద పెట్టి తెరిచేసరికి ఇంటర్వ్యూ వాళ్లు వెళ్లిపోయారు.

తిరిగొచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టేసి, ఇస్త్రీ బట్టలు మార్చేసుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

సాయంత్రం మెయిల్ వచ్చింది. "మీ అర్హతలు మాకు నచ్చాయి. అయితే ఇది ఇంటి నుంచి చేయాల్సిన ఉద్యోగం. మీ ఇంటి ఇంటర్నెట్ నమ్మదగినది కాదని గమనించాం. కనుక చింతిస్తున్నాం."

ఏ కంపెనీ అన్నది మీకు చెప్పనేలేదు కదూ? మాకు నెట్ ఇచ్చే కంపెనీయేనండీ! ఉద్యోగం కూడా, నెట్ పోయిందని ఫోన్ చేసేవాళ్లకి ఆపి ఆన్ చేయమని చెప్పడమే.

అయినా జరిగింది మంచికేనంటాను. ఇన్నాళ్లూ ఎన్ని ఫిర్యాదులు చేసినా, "మా వైపు అంతా బాగానే ఉంది సర్" అనేవాళ్లు. మా నెట్ బాగాలేదని ఇప్పటికి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. కాకపోతే, ఆ నేరం మా అమ్మాయి మీద రాశారు.