పంచేంద్రియ కాలనీ

దేవుడు మనిషికి ఐదు ఇంద్రియాలిస్తే, ప్రభుత్వాలు ఇంతకాలం ఒక్క వీపు కోసమే ఇళ్లు కట్టిస్తూ వచ్చాయనీ, ఈ ఘోరాన్ని తమ ప్రభుత్వం ఇక ఒక్క రోజు కూడా సహించదనీ ప్రకటించడానికి గృహనిర్మాణ మంత్రిగారు పాట్నా నుంచి జంషెడ్‌పూర్ దాకా కారులో వచ్చారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి సంవత్సరం అది. ఖర్కాయి నది అవతల, ఆదిత్యపూర్‌లో, కంటికీ చెవికీ ముక్కుకీ నాలుకకీ చర్మానికీ సమాన హక్కులిచ్చే కార్మికుల కాలనీ వెలుస్తుందన్నారు. ఆ హిందీ ఉపన్యాసాన్ని తెలుగువాళ్ల కోసం తెలుగులో అరిచి చెప్పే భాగ్యం పార్టీ నాయకుడు సీతారామరావుగారికి దక్కింది. మంత్రిగారు దగ్గితే ఆయన అదీ అనువదించారు.

ముందు వరసలో కూర్చున్న పోలరాజుకి అందులో ఒక్క ముక్క వినపడితే ఒట్టు. అతను ఫోర్జింగ్ కార్ఖానాలో ఆవిరి సుత్తి దగ్గర పనిచేస్తాడు. ఆ సుత్తి ఇనుముతో పాటు అతని చెవుల్ని కూడా సాపు చేసేసింది. అక్కడ నోటితో మాట్లాడేవాడు లేడు. పిడికిలి ఎత్తితే కొట్టు, అరచెయ్యి చాపితే ఆపు. పోలరాజు ఆ భాషని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. భార్య బంగారమ్మ అది నేర్చుకుని తన సొంత ముక్క ఒకటి చేర్చింది: మణికట్టు గిర్రున తిప్పితే కుళాయి.

వాళ్లుండే భుయ్యాడీహ్ బస్తీకంతటికీ ఉన్నది ఒక్క చేతిపంపు. బిందెలు మోసి మోసి బంగారమ్మ భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది. సాయంత్రం మొగుడు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ మణికట్టు ఒకసారి తిరిగేది. కుళాయి ఉన్న ఇంట్లో కాపురం పెడతానని పెళ్లినాడు మాటిచ్చాడు పాపం. ఆ మణికట్టు కంటబడినప్పుడల్లా అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

కాలనీ లేచింది. ఢిల్లీ నుంచి ఆర్కిటెక్టు వచ్చాడు. కంటికి ఏడు రంగుల గోడలు వేయించాడు. చెవికి వరండా పొడుగునా ఇత్తడి గంటలు, ముక్కుకి అత్తరు చిమ్మే పిచికారీలు, చర్మానికి నేలంతా గులకరాళ్లు. నాలుక దగ్గర మాత్రం ఫైలు ఆగిపోయింది. ఇంటిని నాకడం ఎలాగన్న విషయం మీద ఉన్నతాధికారుల కమిటీ గోవా వెళ్లి అధ్యయనం చేసి, ప్రతి గుమ్మం ముందూ ఒక ఉసిరి మొక్క నాటాలని తేల్చింది. ఇంత చిన్న జవాబు కోసం అంత దూరం శ్రమపడడం అందరి వల్లా అయ్యే పని కాదు.

తరవాత రూలు వచ్చింది. ఐదు ఇంద్రియాలూ భేషుగ్గా ఉన్నాయని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తేనే ఇల్లు. గుడ్డివాడికి రంగులూ చెవిటివాడికి గంటలూ ఇచ్చి ప్రజాధనం తగలేస్తామా అని మంత్రిగారు అడిగారు. న్యాయమే. తీరా చూస్తే కొలిమి దగ్గరవాళ్లకి కళ్లు ఆనవు, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ వాళ్లకి ముక్కులు పనిచెయ్యవు, సుత్తి దగ్గరవాళ్లకి చెవులు లేవు. కార్మికుల కాలనీకి కార్మికులు పనికిరాకుండా పోయారు.

"కార్మికులు దొరక్కపోయినా కాలనీ ఆగదు, మీరేం బెంగపడకండి. మంత్రిగారి బంధువులందరికీ ఐదూ దివ్యంగా ఉన్నాయి" అని సీతారామరావుగారు ఓదార్చారు.

బంగారమ్మ ఊరుకునే రకం కాదు. సుత్తి దగ్గర కొత్తగా చేరిన ఆదిబాబుని పిలిపించింది. కొత్తవాడు కాబట్టి చెవులు ఇంకా మిగిలున్నాయి.

"డాకటేరు గంట కొట్టగానే నువ్వు కిటికీ కాడ పిడికిలెత్తీరా" అంది. మొగుడి వైపు తిరిగి నోటితోనూ చేత్తోనూ చెప్పింది. "సెవులు పోతే పోనాయి, కల్లు కిటికీ మీదెట్టు."

డాక్టరు పోలరాజు వెనక నిలబడి గంట కొట్టాడు. కిటికీలో పిడికిలి లేచింది.

"మోగినాది బాబూ."

గంట ఆగింది. అరచెయ్యి కనబడింది.

"ఆగిపోనాది బాబూ."

డాక్టరుకి అనుమానం వచ్చి నేలమీద గుండుసూది పడేశాడు. అది ఆదిబాబుకీ వినపడలేదు, కనపడింది. కిటికీలోంచి రెండు వేళ్లతో సూది పట్టుకున్నట్టు పట్టి కిందికి వదిలి చూపించాడు.

"ఏదో పడినాది బాబూ. సూదేమో."

ఇటువంటి చెవి జిల్లాలోనే లేదని డాక్టరు రాసిచ్చాడు. ఆ కిటికీ పుణ్యాన సగం సుత్తిషాపు పాసైపోయింది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే పోలరాజు దంపతులు గృహప్రవేశం చేశారు. గంటలు మోగాయి, అత్తరు చిమ్మింది, గులకరాళ్లు కాళ్లకి గుచ్చుకున్నాయి. బంగారమ్మ వంటగది చూసింది, దొడ్డి చూసింది, గోడలన్నీ తడిమింది. చివరికి జూనియర్ ఇంజనీరు భీమారావుని దొరకబుచ్చుకుంది.

"బాబూ, కులాయెక్కడున్నాది?"

"కుళాయి ఏ ఇంద్రియం కిందకొస్తుందమ్మా?" అన్నాడాయన ఎంతో మర్యాదగా.

"ఇంద్రియమేటి బాబూ! నీల్లు తాగమా? నాలిక్కిందెయ్యండి."

"నేనూ అలాగే నోట్ పెట్టాను. నీటికి రుచి లేదని కొట్టేశారు. రంగు లేదు కాబట్టి కన్ను ఒప్పుకోలేదు, వాసన లేదు కాబట్టి ముక్కు ఒప్పుకోలేదు."

"సప్పుడు సేత్తాది గదా?"

"చప్పుడుకి గంటలున్నాయి కదమ్మా."

"పోనీ, సేతికి సల్లగుంటాది."

"స్పర్శకి గులకరాళ్లు ముందే శాంక్షనైపోయాయి" అని భీమారావు నిజంగానే నొచ్చుకున్నాడు.

ఇంతలో మంత్రిగారి కారు వచ్చింది. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో దారి పొడుగునా నిలబడ్డారు. బంగారమ్మ చెయ్యెత్తి మణికట్టు తిప్పింది. అది చూసి పక్కావిడ తిప్పింది. చూస్తుండగానే వరసంతా మణికట్లు గిరగిరా తిరిగాయి. మంత్రిగారు కారాపి దిగి, ఏమిటని అడిగారు.

"కుళాయిలు అడుగుతున్నారండి" అన్నారు సీతారామరావుగారు చెవిలో.

మంత్రిగారికి విషయం పూర్తిగా అర్థమైంది. ప్రజల కోరికని ఆయన ఏనాడూ కాదనలేదు. వేదికెక్కి, కుడిచెయ్యి ఆకాశంలోకి ఎత్తి, మణికట్టుని నిండుగా, అందంగా, అందరికీ కనపడేలా తిప్పారు. సీతారామరావుగారు చప్పట్లు కొట్టారు. పత్రికలవాళ్లు ఫోటోలు తీశారు.

సుత్తి దగ్గర సైగ చేస్తే పని జరిగి తీరుతుంది. పోలరాజుకి తెలిసిన లోకం అదే. మంత్రిగారి చెయ్యి తిరగడం కళ్లారా చూసి, అతను బంగారమ్మ చంకలోని బిందె లాక్కుని ఇంట్లోకి పరిగెత్తాడు. వంటగదిలో పసుపుపచ్చ గోడకి బిందె ఆనించి పట్టుకుని, వంగి నిలబడ్డాడు. ఇన్నేళ్లకి మాట నిలబెట్టుకుంటున్నానని మొహం వెలిగిపోతోంది.

బయట ఉపన్యాసం ముగిసింది. కార్లు వెళ్లిపోయాయి. బంగారమ్మ లోపలికొచ్చి గుమ్మంలో ఆగింది. మొగుడు అలాగే వంగి ఉన్నాడు. ఆమె అతని ముందుకొచ్చి, అరచెయ్యి చాపింది.

తరవాత బిందె తీసుకుని ఖర్కాయి వైపు నడిచింది. వరండాలో గంటలన్నీ మోగాయి.