రాఘవమ్మ చేలో అంతరిక్ష యుద్ధం

వీడియో గేము దేశాన్ని పాడుచేస్తోందని పత్రికల్లో రాసే పెద్దలందర్నీ పట్టుకొచ్చి, ఒక్కరోజు మా రాఘవమ్మ చేలో మిరపకాయలు కోయించాలి. చేతులు మండి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాక అప్పుడడగాలి, ఈ కాయ ఎవరి పుణ్యమయ్యా అని. వానదేవుడి పుణ్యం కాదు. సాగరు కాలవ పుణ్యం అసలే కాదు. ఆకాశంలోంచి బారులు తీరి దిగొచ్చిన గ్రహాంతరవాసుల పుణ్యం!

నవ్వకండి. ఇది నవ్వులాట వ్యవహారం కాదు.

రాఘవమ్మది రేగడిపాడు. ఆ ఊరికి కరెంటిచ్చే ఆఫీసు ఏ టౌన్లో ఉందో మాత్రం చెప్పను. చెబితే ఉన్న కరెంటు కూడా తీసేస్తారు. గురజాలకీ మాచర్లకీ నడుమ ఎక్కడో అనుకోండి, సరిపోతుంది.

ఎనభయ్యేడు కరువు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు రాఘవమ్మా, ఆమె మొగుడు యల్లమందా నూతి కింద మిరప పెట్టారు. నూతిలో నీళ్ళున్నాయి. నూతి పక్కన షెడ్డులో మోటారుంది. షెడ్డు మీదుగా తీగలూ ఉన్నాయి. తీగలో ఉండాల్సింది మాత్రం లేదు. చేలగట్టు మీద ట్రాన్స్‌ఫారం ఢామ్మని కాలిపోయింది.

పట్నాల్లో ట్రాన్స్‌ఫారం కాలితే ఎవరికి ఫోను చేస్తారో నాకు తెలియదు. మా దగ్గరైతే ఫోనూ లేదు, ఆ మర్యాదా లేదు. రైతులే స్తంభమెక్కి, తాళ్ళు కట్టి దాన్ని దించుకుంటారు. ట్రాక్టరెక్కించి ఆఫీసుకి తోలుకుపోతారు. అక్కడ వేపచెట్టు కింద పెట్టి, ఇక రోజుకొకరు వెళ్ళి చూసొస్తుంటారు, ఆస్పత్రిలో మనిషిని చూసొచ్చినట్టు. రేగడిపాడు ట్రాన్స్‌ఫారం మీద అప్పటికే ఒక కోడి పొదుగుతోంది.

మిరప పూత మీదుంది. నీళ్ళందక పూత రాలిపోతోంది. యల్లమంద గట్టు మీద కూలబడి, "ఏమే, ఇంకో వారం ఇట్టాగుంటే పీకి పొయ్యిలో పెట్టుకోటమే" అన్నాడు. ఎండలో వంగి వంగి నాటిన నారు అది. రాఘవమ్మ కొంగు నడుముకి బిగించి, ఇంజినీర్ని చూడందే ఇంటికి రానని చెప్పి బస్సెక్కింది.

ఇంజినీరు పేరు ధనుంజయరావు. ఆఫీసులో కుర్చీ ఉంది, కుర్చీ మీద తుండుగుడ్డ ఉంది, ఆయన లేడు. "సారు లైను మీదున్నారు" అన్నారు. ఏ లైను మీదని అడిగితే చెయ్యి గాల్లో ఊపారు. రాఘవమ్మ ఆ చెయ్యి ఊగిన దిక్కల్లా తిరిగింది. కాళ్ళరిగిపోయాయి గానీ ఇంజినీరు కనపళ్ళేదు.

ఇక్కడే, అయ్యలారా, వీడియో గేము మొదటి ఉపకారం చేసింది. బజారంతా కరెంటు కోత. హోటళ్ళో ఫ్యాన్లు ఆగినయ్. టైలరు విసనకర్రతో విసురుకుంటున్నాడు. బస్టాండు వెనక ఒక్క షాపులో మాత్రం నల్లపరదా సందులోంచి ఎర్రగా, పచ్చగా వెలుగు పడుతోంది. లోపల్నుంచి డుయ్ డుయ్‌మని చప్పుడు. ఇంత కోతలో ఇక్కడ కరెంటెట్టా ఉందబ్బా అని పరదా ఎత్తి చూస్తే, ధనుంజయరావుగారు బీరువా అంత పెట్టె ముందు వంగి, కడ్డీ పట్టుకుని ఊగిపోతున్నారు. పోలీసులు కుక్కల్ని తెచ్చినా ఒక ఆఫీసర్ని ఇంత తేలిగ్గా పట్టించగలవా?

"బాబూ, రేగడిపాడు ట్రాన్స్‌ఫారం..." అంది రాఘవమ్మ.

"ఒక్క నిమిషం అమ్మా. ఈ పెద్దోడొక్కడు కూలితే వచ్చేస్తా."

ఎవరా పెద్దోడని ఆమె పెట్టెలోకి చూసింది. నల్లటి ఆకాశం, నిండా చుక్కలు. అడుగున చిన్న విమానం, అది మన ఇంజినీరుగారిది. పైనుంచి పురుగుల్లాంటి ఓడలు బారులు బారులుగా దిగుతున్నాయి. కడ్డీ తిప్పితే మన విమానం పక్కకి జరుగుతుంది, బొత్తాం నొక్కితే నిప్పు పైకి పోతుంది. ఆ బార్లన్నీ కూల్చితే అప్పుడు పళ్ళెమంత ఓడ ఒకటి దిగుతుంది. అదీ పెద్దోడు. వాణ్ణి కూల్చితే ఆటలో మొదటి మెట్టు దాటినట్టు, అవతల ఇంకో గ్రహం కనపడుతుందట.

పెద్దోడు దిగాడు. ఇంజినీరుగారి విమానం పేలిపోయింది.

"ఏ గ్రహమో ఇంతవరకూ చూళ్ళేదమ్మా" అన్నాడాయన దిగులుగా. షాపు యజమాని షౌకత్ స్టూలు మీద కూచుని, "సారు రోజూ ఇక్కడిదాకా వస్తారక్కా, ఇక్కడే పోతారు" అన్నాడు.

"మరి మా ట్రాన్స్‌ఫారం?"

"పైనుంచే రావాలమ్మా. మా చేతుల్లో ఏముంది?"

"బజారంతా కరెంటు లేదు గదా, ఇక్కడెట్టా ఉంది బాబూ?"

"ఇది వేరే ఫేజమ్మా. నీకు అర్థం కాదులే."

అని మళ్ళీ వంగాడు. ఈ మెట్టు దాటేదాకా తనకి వేరే పని మీద మనసు నిలవదని నిజాయితీగా చెప్పేశాడు. ఈ కాలంలో ఇంత నిజాయితీ ఉన్న ఆఫీసర్లు ఎంతమంది?

అప్పుడు రాఘవమ్మకి ఒక సంగతి తేటతెల్లమైంది. తన మిరపతోటకీ నీళ్ళకీ నడుమ అడ్డం నిలబడ్డది ప్రభుత్వం కాదు. ఆ పళ్ళెమంత ఓడ. అది కూలితే ఇంజినీరు లేస్తాడు. ఆయన లేస్తే ట్రాన్స్‌ఫారం లేస్తుంది.

ఇక రోజూ పొద్దున్నే బస్సెక్కి షాపుకి రావడం మొదలుపెట్టింది. ఇంజినీరు వెనక నిలబడి, "కుడికి బాబూ, కుడికి! అమ్మో, తలకాయ మీదకొచ్చాడు!" అని కేకలేసేది. కోటప్పకొండ దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుంది, ఆ పెద్దోణ్ణి కూల్చు తండ్రీ అని. పెట్టె మీద నిమ్మకాయ పెట్టింది. షౌకత్ కాదనలేదు.

ఒకనాడు ఇంజినీరు అలిసిపోయి కడ్డీ ఆమెకే ఇచ్చాడు. చుక్కలొచ్చాయి. ఓడలు బారులు తీరాయి. రాఘవమ్మ బొత్తాం మీద వేలు పెట్టిందేగానీ నొక్కలేదు.

"కొట్టమ్మా, కొట్టు!"

"ఎవురు బాబూ వీళ్ళు?"

"వేరే గ్రహం వాళ్ళు."

"మనకీ వాళ్ళకీ తగాదా ఏంది? గట్టు తగాదానా?"

"తగాదా లేదమ్మా, ఏమీ లేదు. చూడగానే కొట్టడమే."

"అదేంది? మా వైపు బాంబేసేవోడైనా ముందు పేరు పెట్టి పిలిచి, ఎందుకేస్తన్నాడో చెప్పి ఏస్తాడు. పెద్దమనుషుల్లో పెట్టకుండా ఇదేం యుద్ధం?"

ఆమె ఇలా న్యాయం విచారిస్తుండగానే విమానం పేలింది. పిల్లల్ని హింసకి అలవాటు చేస్తుందంటారే ఈ యంత్రం, దాని ముందు నిలబడి ఒక పల్నాటి మనిషి శాంతి గురించి మాట్లాడింది. ఇంకేం కావాలండీ మీకు?

అంతలో పిడుగు పడింది. ఇంజినీరుగారి భార్య ప్రభావతిగారు మొగుడు లైను మీద మాడిపోతున్నాడని జాలిపడి, క్యారియరు తీసుకుని ఆఫీసుకొచ్చింది. అక్కడ ఎవరి చెయ్యి ఏ దిక్కు ఊగిందో గానీ, ఆవిడకి దారి సరిగ్గా దొరికింది. పరదా ఎత్తింది. ఆ షాపులో ఆ తర్వాత జరిగిన యుద్ధం గురించి షౌకత్ ఇప్పటికీ నోరు విప్పడు. మర్నాటి నుంచి ఇంజినీరు కుర్చీలోనే కూచున్నాడు, మొహం వేలాడేసుకుని. ట్రాన్స్‌ఫారం మీద కోడి కూడా అలాగే కూచుంది.

చూశారా? ఆట మానేస్తే ఆఫీసరు బాగుపడతాడనే వాళ్ళకి ఇదే నా జవాబు. మానేశాడు. ఏం వెలిగింది?

షాపుకెళ్తే షౌకత్ దిగాలుగా ఉన్నాడు. సారు రాని దగ్గర్నుంచి తన షాపుకీ కోత మొదలైందట. పెట్టె మీద దుమ్ము పేరుకుంటోంది. రాఘవమ్మ ఆ దుమ్ము కొంగుతో తుడిచింది.

"షౌకత్ తమ్ముడూ, ఈ పెట్టె మా మోటారు షెడ్డులో పెట్టు. ఊరికి దూరం. పెళ్ళాలు రారు."

"అక్కడ కరెంటు లేదు గదక్కా?"

"పెట్టె వస్తే అదే వస్తది."

ట్రాన్స్‌ఫారాన్ని మోసుకుపోయిన ట్రాక్టరు మీదే పెట్టెని తెచ్చారు. యల్లమంద తల పట్టుకున్నాడు. "పూత రాలిపోతంటే పెట్టె తెచ్చిందిరా నా పెళ్ళాం" అని ఊరందరికీ చెప్పుకున్నాడు. రాఘవమ్మ మాత్రం ఆఫీసుకెళ్ళి ఇంజినీరుగారి చెవిలో ఒకే ఒక్క ముక్క వేసొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా డిపార్టుమెంటు లారీ రేగడిపాడు వచ్చింది! తన డీజిలు తనే పోసుకుని, తన మనుషుల్ని తనే వేసుకుని, కొత్త ట్రాన్స్‌ఫారం మోసుకుని వచ్చింది. అలాంటి లారీ ఒకటి ఉంటుందని ముసలాళ్ళకే తెలియదు, చేతికర్రలు తీసుకుని చూడ్డానికొచ్చారు. సాయంత్రానికి మోటారు ఆడింది. కాలవలో నీళ్ళు బుడబుడమంటూ పారుతుంటే రాఘవమ్మ మొక్కల మధ్య కూచుని ఏడ్చింది. యల్లమంద ఆ పెట్టెకి దూరం నుంచే దణ్ణం పెట్టాడు.

ఆనాటి నుంచి ఇంజినీరుగారు నిజంగానే లైను మీదున్నారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రేగడిపాడు లైను తనిఖీ. తీగ వదులైతే బిగించారు. స్తంభం ఒరిగితే నిలబెట్టారు. కరెంటు కోతల కాలంలో జిల్లా అంతా ఉక్కపోస్తుంటే రాఘవమ్మ షెడ్డులో కరెంటు రెప్ప కొట్టలేదు. ఆ మోటారు తోడే నీళ్ళు ఎక్కువై, రాఘవమ్మ పక్క చేలకి కూడా వదిలింది. పూత నిలిచి పిందె అయింది, పిందె కాయయింది.

ఇప్పుడు నా మనవి వినండి. ప్రభుత్వంవారు కొత్త కరెంటు ఫ్యాక్టరీలు కట్టనక్కర్లేదు. ట్రాన్స్‌ఫారానికొక వీడియో గేము పెట్టిస్తే చాలు. రోడ్లు బాగుపడాలా? రోడ్డు చివర ఒకటి. స్కూలుకి పంతులు రావాలా? బ్లాకుబోర్డు వెనక ఒకటి. ఒకే షరతు. ఆట కష్టంగా ఉండాలి. గెలిస్తే మునిగాం.

ఆ చివరి మాట నాది కాదు, రాఘవమ్మది. కాయ ఇంకా పచ్చిగా ఉండగానే ఆమెకి కొత్త బెంగ పట్టుకుంది. ఇంజినీరుగారికి చెయ్యి తిరుగుతోంది. షెడ్డులో అడ్డొచ్చేవాళ్ళు లేరు, కరెంటు పోయేది లేదు. బార్లకి బార్లు అవలీలగా కూల్చేస్తున్నాడు. పైగా ఒకరోజు, "ఈ పెద్దోడు కూలాడంటే ఇక ఈ ఆట జోలికి రానమ్మా, ప్రభావతికి ఒట్టేశాను" అన్నాడు.

రాఘవమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఆయన రాకపోతే తనిఖీ లేదు. తనిఖీ లేకపోతే కరెంటు లేదు. కాయ ఎర్రబడాలంటే ఇంకా తడులు కావాలి. కోటప్పకొండ వైపు తిరిగి, "తండ్రీ, ఆ కొబ్బరికాయ సంగతి మర్చిపో. రెండు కొడతా, ఆ పెద్దోడు కూలకుండా చూడు" అని మొక్కు మార్చుకుంది. దేవుడికి ఇంత చిక్కు ఎన్నడూ వచ్చుండదు.

దేవుడు ఆ చిక్కు ఆమెకే వదిలేశాడు. ఒక మధ్యాహ్నం, తెర బాగా కనపడాలని తలుపు మూసుకుని, ఇంజినీరుగారు ఆటలో దిగారు. రాఘవమ్మ ఎప్పట్లాగే ఆయన వెనక నిలబడింది. చుక్కలొచ్చాయి. బారులొచ్చాయి, రాలిపోయాయి. పెద్దోడు దిగాడు. ఆయన కుడికి జరిగి కొట్టాడు, ఎడమకి జరిగి కొట్టాడు. పెద్దోడి ఒంట్లోంచి పొగ లేచింది. "అయిపోయాడమ్మా, అయిపోయాడు!" అని ఆయన కేక పెట్టాడు.

షెడ్డు గోడకి బోర్డు ఉంది. మా రైతులకి ఫ్యూజు పీకడం ఒకళ్ళు నేర్పాలా? ట్రాన్స్‌ఫారం దించుకునే మనుషులం. రాఘవమ్మ నెమ్మదిగా చెయ్యి చాపి, పెట్టె తాలూకు ఫ్యూజు లాగి కొంగులో ముడేసుకుంది.

చుక్కలారిపోయాయి. పెద్దోడు పొగతో సహా మాయమయ్యాడు. చీకట్లో ఇంజినీరుగారు కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"కరెంటు పోయిందేంటమ్మా?" అన్నాడు.

"పైనుంచే పోయింది బాబూ. మా చేతుల్లో ఏముంది?"

ఆయన కాసేపు చెవొగ్గి విన్నాడు. అడుగు దూరంలో మోటారు గుడగుడమని ఆడుతూనే ఉంది. బయట కాలవలో నీళ్ళు పారుతున్న చప్పుడు.

"మరి మోటారు ఆడుతోంది గదమ్మా?"

"అది వేరే ఫేజు బాబూ" అంది రాఘవమ్మ. "నీకు అర్థం కాదులే."