సబ్బు రుచి కనిపెట్టిన లెక్కల మాస్టారు

ఆ నగరంలో ఇంట్లో వంట చేసుకోవడం నేరమేమీ కాదు. దాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులు కూడా వెలువడలేదు. పరువు గల కుటుంబాలు తమంతట తామే మానుకున్నాయి. శనాదివారాల్లో అక్కడి జనం భోజనం చెయ్యరు, భోజనం దొరికే చోట్లు కనిపెడతారు. ఎవరికీ తెలియని హోటలును కనిపెట్టినవారికి పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీలు దక్కుతాయి. ఎవరికీ తెలియని హోటలని గుర్తుపట్టడం చాలా తేలిక. దాని ముందు క్యూ వీధి మలుపు దాటి ఉంటుంది.

అటువంటి నగరంలో ఒక శనివారం ఉదయం లెక్కల మాస్టారు రైలు దిగారు. భుజాన ఒక సంచీ, మనసులో ఒక ప్రశ్న. ఈ నగరంలోని పెద్ద బడికి ఆయన్ను బదిలీ చేస్తామన్నారు. వస్తారో రారో సోమవారం చెప్పాలి. ఇక్కడ ఆయనకున్నది ఒక్కడే స్నేహితుడు, పళ్ళ డాక్టరు. చదువుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పెనం మీద బతికారు. డాక్టరు వేసే ఆమ్లెట్టు అంచులు మాడి, నడుమ మెత్తగా ఉండేది. దాన్ని చెరిసగం చేసుకుని గంటల తరబడి కబుర్లాడేవారు. వాడు మనస్ఫూర్తిగా రమ్మంటే వచ్చేద్దాం, కాస్త నసిగినా ఉన్నచోటే ఉండిపోదాం అని మాస్టారు దారి పొడవునా అనుకుంటూ వచ్చారు.

"ఒరేయ్, నీతో ఒక మాట చెప్పాలి," అని స్టేషన్లోనే మొదలుపెట్టారు.

"తర్వాత చెప్పరా. ముందు నడు, క్యూ పెరిగిపోతుంది," అన్నారు డాక్టరు.

మొదటి హోటలు ఒకప్పుడు చెప్పుల గోదాము. బూజు దులపకుండా అపురూపంగా కాపాడుతున్నారు. కూర్చోవడానికి బోర్లించిన చెక్కపెట్టెలు వేశారు. రథచక్రమంత పళ్ళెంలో ఒక క్యారెట్టు ముక్కను పడుకోబెట్టి తెచ్చి, అది పుట్టి పెరిగిన వైనం వడ్డించే ఆయన నిలబడి వినిపించాడు. చరిత్ర ముగిసేసరికి క్యారెట్టు చల్లారింది. మాస్టారు దాన్ని అందుకోబోయారు.

"అన్నయ్యగారూ, కొంచెం చెయ్యి తీస్తారా? నీడ పడుతోంది," అంది డాక్టరు భార్య. ఆమె నగర రుచుల అన్వేషణ సంఘానికి కార్యదర్శి. ఫోటో తీయకుండా ముద్ద ముట్టడం సంఘ నియమావళికి విరుద్ధం.

రెండో హోటలు ఒక లాండ్రీ వెనకాల ఉంది. ఆరేసిన దుప్పట్లు తప్పించుకుంటూ వంగి వెళ్ళాలి. దానికి బోర్డు లేదు. బోర్డు లేదని తెలియజేసే బోర్డు మాత్రం ఉంది. లోపల మాట్లాడితే రుచి చెదురుతుందట. అందుచేత మాస్టారు తన ప్రశ్నను చారుతో పాటు మింగేశారు.

సాయంత్రం బ్రూవరీకి తీసుకెళ్ళారు. రాగి పీపాల మధ్య బల్ల, చుట్టూ సంఘ సభ్యులు. యజమాని తోలు ఏప్రన్ సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"మిత్రులారా, మేము బీరు తయారు చెయ్యం. నీరు బీరు కావాలని కోరుకుంటుంది. మేము అడ్డు రాకుండా పక్కకు తప్పుకుంటాం, అంతే."

సభ్యులు చప్పట్లు కొట్టి, ఒక్కో గుక్క తాగి, తమకు తగిలిన రుచి ప్రకటించారు. ఒకరికి తడిసిన గోడ తగిలింది. ఒకరికి మేనత్త ట్రంకు పెట్టె తగిలింది. డాక్టరుకు అప్పుడే చెక్కిన పెన్సిలు తగిలింది. మాస్టారి వంతు వచ్చింది. ఆయన గ్లాసు అంచున ఒక చిన్న బుడగ, సరిగ్గా కడగని గుర్తుగా, ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తోంది. తప్పు జవాబుకు మార్కులు వేసే అలవాటు లేని మనిషి కనుక ఉన్నదే చెప్పారు.

"సబ్బు," అన్నారు.

బల్ల చుట్టూ గ్లాసులన్నీ కిందికి దిగాయి. డాక్టరు ముఖం పాలిపోయింది. యజమాని మెల్లగా నడిచొచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆ మాట అనగల నాలుక కోసమే నేను ఇన్నాళ్ళూ బతికి ఉన్నాను," అన్నాడు గద్గదంగా.

"అది కాదండీ, గ్లాసు సరిగ్గా కడగలేదు."

"చూశారా, ఎంత వినయమో!"

సభ్యులందరూ మళ్ళీ తాగి చూశారు. అందరికీ సబ్బే తగిలింది. ఒంటి సబ్బని కొందరు, బట్టల సబ్బని కొందరు వాదించుకుని రెండు వర్గాలుగా చీలిపోయారు. ఇకమీదట గ్లాసులు సరిగ్గా కడగరాదని యజమాని అక్కడికక్కడే ఆదేశాలు జారీ చేశాడు.

డాక్టరు స్నేహితుణ్ణి గట్టిగా వాటేసుకున్నారు. "ఒరేయ్, ఈ ఊరు వచ్చెయ్యరా. ఇలాంటి నాలుకను అక్కడ పాడుచేసుకుంటావా?"

వినాలనుకున్న మాట విన్నారు. కానీ పిలుపు నాలుకకే వచ్చింది, మనిషికి రాలేదు. మాస్టారి ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం పొద్దున్నే ఆకలికి మెలకువ వచ్చి వంటింట్లోకి వెళ్ళారు. పొయ్యికి కొట్టువాడు అంటించిన ధర కాగితం ఇంకా అలాగే ఉంది. ఫ్రిజ్జులో, డాక్టరు భార్య జుట్టుకు పట్టించుకోవడానికి తెచ్చుకున్న కోడిగుడ్లు కనపడ్డాయి. వెళ్ళి డాక్టర్ని లేపారు.

"నాకు ఆకలేస్తోందిరా. ఆమ్లెట్టు వెయ్యి."

డాక్టరు తన భార్య గది వైపు ఒకసారి చూసి, దొంగలా పొయ్యి వెలిగించారు. అంచులు మాడాయి. నడుమ మెత్తగానే ఉంది. నిలబడే చెరిసగం తిన్నారు.

"ఎందుకురా నీకీ తిరుగుడు?" అని మాస్టారు అడిగారు.

డాక్టరు అట్లకాడతో పెనం మీది మాడు గీకారు. "రోజంతా నోళ్ళలోకి చూస్తాను. అన్నీ తెరిచే ఉంటాయి, ఒక్కటీ నాతో మాట్లాడదు. క్యూలో నిలబడితే పక్కవాడు ఏదో ఒకటి అంటాడు. నువ్వే ఉంటే నాకు క్యూలతో పనేముందిరా?"

బదిలీ సంగతి మాస్టారు అప్పుడు చెప్పారు. డాక్టరు ముక్కు చీదుకుని, ఇంకో గుడ్డు కొట్టారు. మాస్టారికి అంత సంతోషం కలిగి చాలా కాలమైంది.

మాడు వాసనకు డాక్టరు భార్య లేచి వచ్చింది. పెనాన్ని చూసింది, భర్తను చూసింది, ఫోను తీసింది.

"అన్నయ్యగారూ, కొంచెం చెయ్యి తీస్తారా?"

మధ్యాహ్నానికల్లా సంఘం వారికి ప్రకటన అందింది: "ఎవరికీ తెలియని చోటు. అంచుల్లో మసి, నడుమ స్నేహం. సబ్బు రుచి కనిపెట్టిన మాస్టారు స్వయంగా ఆమోదించినది."

సోమవారం మాస్టారు వస్తానని రాసిచ్చారు. నెల తిరిగాక ట్రంకు పెట్టెతో డాక్టరు వీధిలో దిగేసరికి, క్యూ మలుపు దాటి ఉంది. గేటు దగ్గర డాక్టరు భార్య నొచ్చుకుంటూ ఎదురొచ్చింది.

"ఏమనుకోకండి అన్నయ్యగారూ. మీరే వరస తప్పితే జనం నన్ను బతకనివ్వరు."

వంటింటి కిటికీలోంచి డాక్టరు అట్లకాడ ఊపారు. చెమటలు కక్కుతున్నారు. ఏదో అన్నారు కానీ వినపడలేదు.

మాస్టారు వెళ్ళి క్యూ చివర పెట్టె దించి, దాని మీద కూర్చున్నారు. ఆ పెనం ఎప్పుడూ కడగరట, అదే రహస్యమట అని ముందున్నాయన చెప్పాడు. మాస్టారు తల ఊపారు. ఇంతలో వెనక ఎవరో వచ్చి నిలబడ్డ అలికిడైతే తిరిగి చూశారు.

మీరే. ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నారు. కొంచెం పక్కకు జరుగుతారా, నీడ పడుతోంది అని ఆయన్ను అడిగారు.