పులిసిన సిరి

మా పక్కింటి తేక్ చువాన్‌కి పని తప్పించుకోవడంలో ఉన్న తెలివి పని చేయడంలో ఉండి ఉంటే, ఈపాటికి మా మలేషియాలోని తైపింగ్ ఊరంతా అతనిదే అయ్యేది. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. అటు చెంచా కింద పడితే ఇటు మేం ఉలిక్కిపడతాం. కాబట్టి ఇదంతా నేను చెవులారా విన్నదీ, కొంత కళ్లారా చూసినదీ.

అతని ముందుగదిలో మంచమంత గాజు తొట్టి ఉంది. అందులో సిరి తెస్తుందని పెంచే ఎర్రటి అరోవానా చేప ఒక్కటే ఉంటుంది. పేరు షావుకారు. అది మామగారు ఓంగ్ గారిది. ఇల్లు బాగు చేయించుకుంటూ, పదిహేను రోజుల చైనా కొత్త సంవత్సరం పండగ ఆఖరి రోజున తీసుకెళతానని అల్లుడి దగ్గర ఉంచారు. అల్లుణ్ణి మెచ్చుకోవడానికి ఆయనకి ఇన్నేళ్లలో తీరిక దొరకలేదు గాని, ఆ చేపతో మాత్రం రోజూ ఫోన్లో మాట్లాడేవారు.

వారానికోసారి తొట్టిలో పావువంతు నీళ్లు తోడి కొత్తవి పోయాలి. పండగ మొదలవగానే తేక్ చువాన్‌కి నడుము నొప్పీ, ఆచారం మీద గౌరవమూ ఒకేసారి పుట్టుకొచ్చాయి.

"గైక్ హూన్, కొత్త సంవత్సరంలో చెత్త బయట పడేస్తామా?" అని భార్యనడిగాడు.

"పడెయ్యం. సిరి పోతుందంటారు."

"మరి నీళ్లు?"

"అవీ అంతేలే."

"అయితే మీ నాన్న సిరి అంతా ఆ తొట్టిలోనే ఉంది. పండగ అయ్యేదాకా చుక్క బయటికి పోవడానికి వీల్లేదు!"

"మా అమ్మ మొదటి రెండ్రోజులే పాటించేది."

"అందుకే మీ సిరి రెండ్రోజులే నిలిచేది."

"సరే, చుక్క కూడా పోదులే," అంది ఆవిడ మెత్తగా. నాకు గోడ ఇవతల కూర్చుని ఉన్నా గుబులేసింది.

మర్నాటి నుంచి వాళ్ల వంటింట్లో గిన్నెలు కడగడం ఆగిపోయింది. కడిగితే నీళ్లు పారబోయాలి కదా! పండగ పలకరింపుకి నారింజలు పట్టుకుని వెళ్తే, నాకు టీ ఐస్‌క్రీమ్ డబ్బాలో ఇచ్చారు. తేక్ చువాన్ పైజామా మీద పెళ్లినాటి కోటు వేసుకుని కూర్చున్నాడు.

"చొక్కాలేవోయ్?" అన్నాను.

"బుట్టలో ఉన్నాయన్నా. ఉతికితే సిరి పోతుందట," అన్నాడు నీరసంగా.

చివరికి ఆ కోటు ఉక్కకి తట్టుకోలేక దిగొచ్చాడు. "నువ్వు బజారుకెళ్లినప్పుడు తొట్టి నీళ్లు మార్చేశాలే. ఇక నా చొక్కాలు ఉతుకు," అన్నాడు. ఆవిడ నమ్మింది. గిన్నెలు మోగాయి, చొక్కాలు దండెమెక్కాయి. తొట్టి మాత్రం ఉన్నచోటే, ఉన్న నీళ్లతోనే ఉంది.

ఒక ఉదయం తేక్ చువాన్ చిన్న గాజు గొట్టం పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. తొట్టి నీళ్లలో మందు చుక్క వేసి పరీక్షిస్తే ఆకుపచ్చగా ఉండాలి. ఇది పసుపు ముద్దలా ఉంది.

"నీళ్లు పులిసిపోయాయన్నా! మొన్నటిదాకా బాగానే ఉన్నాయి!"

వెళ్లి చూశాను. షావుకారు పైకి తేలి నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. ఇష్టమైన రొయ్య ముక్కు మీద పడ్డా పట్టించుకోలేదు. గైక్ హూన్ తొట్టి పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"నువ్వు నారింజ తొక్కేమైనా పడేశావా?" అని తేక్ చువాన్ విచారణ మొదలెట్టాడు.

"లేదు."

"వెనిగర్‌తో అద్దం తుడిచావా?"

"అద్దం తుడవడం నీ వంతు. ఆఖరుసారి తుడిచింది కిందటేడు."

ఇక లాభం లేదని వంటింట్లోంచి సోడా ఉప్పు పొట్లం తెచ్చాడు. పులుపుకి సోడా విరుగుడని నేనూ పెద్దరికంగా తలాడించాను. పొట్లం మొత్తం గుమ్మరించబోతుంటే ఆవిడ లేచి మణికట్టు పట్టుకుంది.

"ఆగు! నీళ్లు మార్చకపోతేనే ఇలా అవుతుంది. మురికి చేరేకొద్దీ నీళ్లలో సున్నం సారం అరిగిపోతుంది. అది ఉన్నన్నాళ్లూ ఏం తెలీదు, అయిపోయిన రోజున ఒక్కసారిగా పులుస్తాయి. ఇప్పుడు సోడా గుమ్మరించావంటే ఆ మురికే విషమవుతుంది. మా నాన్నకి షావుకార్ని అల్లం వేసి ఆవిరి మీద ఉడికించి పెట్టాల్సిందే. నిజం చెప్పు, నీళ్లు మార్చావా?"

తేక్ చువాన్ నావైపు చూశాడు. నేను సోడా పొట్లం వైపు చూశాను.

"చొక్కాల కోసం..." అన్నాడు.

"నా బడి రోజుల నుంచీ నా చేత్తో రొయ్యలు పెట్టి పెంచాను వాణ్ణి," అంది. నాకు నిజంగానే సిగ్గేసింది. ఆవిడ కళ్లు తుడుచుకుని హుకుం జారీ చేసింది. "కొంచెం కొంచెంగా పూటపూటా మార్చాలి. బకెట్ తే!"

"మరి సిరి..." అన్నాడు, పోయే ప్రాణం గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"గడప దాటొద్దులే. మేడ మీద నారింజ కుండీల్లో పొయ్యి. మనింట్లోనే ఉంటుంది."

ఆ రోజు నుంచి గోడ ఇవతల నాకు మెట్ల మీద బకెట్ చప్పుడూ, మధ్యమధ్య మూలుగూ వినిపించేవి. గైక్ హూన్ నీళ్లు తిరిగే చోట సున్నం సారం ఊరేలా పగడపు రాళ్ల సంచి కట్టింది. నెమ్మదిగా గాజు గొట్టంలో పసుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. షావుకారు రొయ్య తిన్నాడు. తేక్ చువాన్ మాత్రం ఆఖరి రోజు ఎప్పుడొస్తుందా, చేపా బకెట్టూ ఎప్పుడు వదులుతాయా అని ఎదురుచూశాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఓంగ్ గారు అడుగు పెట్టేసరికి చేప నిగనిగలాడుతోంది. అల్లుడు చెమటలు కక్కుతూ మెట్లు దిగుతున్నాడు.

"ఏమిటిది?" అన్నారాయన.

"పండగలో మీ సిరి గడప దాటకూడదని తొట్టి నీళ్లన్నీ మేడ మీదికి మోస్తున్నాడు నాన్నా," అంది గైక్ హూన్.

పెద్దాయన కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లూ నిన్ను సోమరిపోతు అనుకున్నానయ్యా. నేను కూడా ఇంత నిష్ఠగా చేసి ఎరగను. షావుకారు ఇక్కడే ఉంటాడు. నా మాటగా ఏడాది పొడుగునా ఇలాగే చెయ్యి."

"మామయ్యా, మీకు బెంగగా ఉండదూ?"

"ఆదివారం ఆదివారం వచ్చి చూస్తానులే."

తేక్ చువాన్ బకెట్ కేసి చూశాడు, మెట్ల కేసి చూశాడు. నిజం చెబితే పుట్టి మునుగుతుంది, చెప్పకపోతే నడుము విరుగుతుంది.

"అలాగే మామయ్యా," అన్నాడు తల వంచుకుని.

గైక్ హూన్ బకెట్ నింపి చేతికందించింది. మామగారు కళ్లారా చూడాలని ముచ్చటపడ్డారు మరి.