స్వర్ణ నిష్పత్తిలో జ్వరం మందు

ఇకమీదట ఆరోగ్యశాఖ అచ్చువేసే ప్రతి కాగితమూ స్వర్ణ నిష్పత్తిలోనే ఉండాలని ఉత్తర్వు వెలువడినట్లు తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. అంటే వెడల్పు ఒకటైతే పొడవు ఒకటి పాయింట్ ఆరు ఒకటి ఎనిమిది. ఇన్నాళ్లూ కాగితాన్ని తోచినట్టు కోసి జనానికి పంచిన పాపానికి డైరెక్టరుగారు నిండు సభలో లెంపలేసుకున్నారు.

పేజీ శిల్పి అనే హోదాలో ఒక నిపుణుడు దిగాడు. "చెట్టూ, చేమా, నత్తగుల్లా అన్నీ ఈ లెక్క ప్రకారమే నడుస్తున్నాయి. మన కరపత్రానికేం రోగం?" అని ఉపన్యసించాడు. అదే ఊపులో డైరెక్టరుగారి బల్ల కొలిచి, నిష్పత్తి తప్పిందని కాళ్లు కోయించాడు. అప్పట్నుంచి ఆయన నడుం వంచి సంతకాలు పెడుతున్నారు. వినయం పెరిగిందని సిబ్బంది మెచ్చుకున్నారు.

తొలి ప్రయోగం పసిపిల్లల జ్వరం మందు సీసాతో ఇచ్చే కాగితం మీద జరిగింది. పేజీని గళ్లుగా విడగొట్టి, పైన మూడు వరసలు, కింద ఐదు వరసలు ఖాళీగా వదిలితే మధ్యలో ఎనిమిది పంక్తులు పట్టాయి. చెప్పవలసినవి తొమ్మిది. ఆ తొమ్మిదోది, రెండేళ్లలోపు పిల్లలకు ఈ మందు పట్టించరాదని.

ప్రూఫులు దిద్దే ఆవిడకు గణితం రాదు. ఇద్దరు పిల్లల్ని పెంచడం మాత్రం వచ్చు. నేరుగా నిపుణుడి గదికి వెళ్లింది.

"సార్, కింద బోలెడు జాగా ఉంది. ఒక్క లైను ఇరికించండి."

"అది జాగా కాదమ్మా, మార్జిన్. లైను పెడితే మార్జిన్ చచ్చిపోతుంది."

"పెట్టకపోతే పిల్లలు చచ్చిపోతారండీ!"

నిపుణుడు ఆమె అజ్ఞానానికి జాలిపడి స్కేలు చూపించాడు.

ఆవిడ తన బల్ల దగ్గరకు వచ్చేసింది. అచ్చయిన కట్ట ముందేసుకుని, ఒక్కో కాగితం కింద తొమ్మిదో పంక్తిని ఎర్ర కలంతో రాయసాగింది. పదిహేనోది పూర్తికాకముందే పట్టుబడింది. ప్రభుత్వ మార్జిన్‌ను ఖరాబు చేసిన నేరానికి ఆవిడను ఉద్యోగంలోంచి తీసేయాలనీ, ఆ కాగితాలను తగలబెట్టాలనీ పదకొండుమంది విచారణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పిల్లల మాట ఎజెండాలో లేదు కనుక చర్చకు రాలేదు.

తగలబెట్టడానికి వెళ్తున్న బంట్రోతును డైరెక్టరుగారు పక్కకు పిలిచారు. "ఒరేయ్, ఆవిడ రాసింది ఒకటి మా కోడలికిచ్చి రా. మనవడికింకా ఏడాదిన్నరే."

తర్వాత విచారణ సంఘం వారు ఒక్కొక్కరే అతని చెవిలో అదే ముక్క వేశారు. నిపుణుడు రెండు అడిగాడు, ఆయనకు కవలలు. సాయంత్రానికి తగలబెట్టడానికి ఒక్కటీ మిగల్లేదు.

మిగతా లక్ష కాగితాలకూ ఎక్కడా ఎర్ర మరక లేదు కాబట్టి, వాటిని ప్రజలకు పంచిపెట్టారు. ఎంత ముచ్చటగా అచ్చువేశారో అని మీరు కూడా అన్నారట.